చివరి గ్లాసు ఎక్కడ పోశారు?

అర్ధరాత్రి దాటాక రోడ్డు మీద ఒక ప్రాణం పోతుంది. తాగి కారు నడిపినవాడు దొరుకుతాడు. కేసు, జైలు, పేపర్లో ఫొటో అన్నీ అతని చుట్టూనే తిరుగుతాయి. మరి అతను తూలుతున్నాడని తెలిసీ ఇంకో రెండు పెగ్గులు పోసి, బిల్లు తీసుకుని, కారు తాళం చేతిలో పట్టుకుని బయటికి నడుస్తుంటే చూస్తూ ఊరుకున్న బార్ సంగతేమిటి? అమెరికాలో రాష్ట్రాలు ఈ ప్రశ్నకు 19వ శతాబ్దం నుంచి తలో రకంగా జవాబు చెబుతున్నాయి. మందు పోసినవాడి మీద పరిహారం దావా వేసే వీలు కల్పించే ఈ చట్టాలను అక్కడ డ్రామ్ షాప్ చట్టాలంటారు. సౌత్ కరోలినా రాష్ట్రం 2025 మే నెలలో తన జవాబు మార్చుకుంది. కొత్త చట్టం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని మేము సగం సమర్థిస్తున్నాం, సగం తప్పుపడుతున్నాం.

ముందు పాత నియమం చూద్దాం. సౌత్ కరోలినాలో మామూలు ప్రమాదం కేసుల్లో తప్పు సగం కంటే తక్కువ ఉన్నవాడు తన వాటా మేరకే పరిహారం కడితే చాలు. మద్యం అమ్మకం ప్రమేయం ఉన్న కేసులకు మాత్రం ఈ సడలింపు ఉండేది కాదు. ఒక కుటుంబానికి 10 లక్షల డాలర్ల నష్టం జరిగిందనుకుందాం. డ్రైవర్ తప్పు 95 శాతం, బార్ తప్పు 5 శాతం అని జ్యూరీ తేల్చిందనుకుందాం. డ్రైవర్ దగ్గర డబ్బు లేకపోతే ఆ 10 లక్షలూ బార్ నుంచే వసూలు చేసే వీలుండేది. 5 శాతం కాదు, 1 శాతమే అయినా అంతే.

డ్రైవర్ దగ్గర డబ్బు ఎందుకు ఉండదు? అసలు చిక్కు ఇక్కడే ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సౌత్ కరోలినాలో కారు నడపాలంటే చట్టం అడిగే కనీస బీమా గాయపడిన ఒక్కో మనిషికి 25 వేల డాలర్లు. అమెరికా ఆసుపత్రిలో ఐసీయూ బిల్లు చూసిన తెలుగు కుటుంబాలకు ఈ అంకె ఎంత చిన్నదో చెప్పనక్కర్లేదు. కాలు పోయినవాడికి, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ 25 వేలు ఏ మూలకూ చాలవు. బార్ దగ్గరేమో 10 లక్షల డాలర్ల బీమా ఉండేది. సాయంత్రం 5 తర్వాత కూడా మందు పోసే ప్రతి బార్, రెస్టారెంటు ఆ మేరకు బీమా తీసుకోవాల్సిందేనని 2017లో ఆ రాష్ట్రమే చట్టం చేసింది. దాంతో లాయర్లు బార్ వైపు చూశారు. అందులో వింతేమీ లేదు, బాధితుడి తరఫున నిలబడ్డ లాయర్ డబ్బు ఉన్న చోటే వెతుకుతాడు.

దాని ఫలితంగా బీమా కంపెనీలు ప్రీమియం పెంచుకుంటూ పోయాయి, కొన్ని ఆ రాష్ట్రం వదిలేశాయి. చిన్న ఊళ్లలో వారానికి రెండు రోజులు బ్యాండు పెట్టుకుని బతికే బార్లు, మాజీ సైనికులు నాలుగు కబుర్లు చెప్పుకోవడానికి నడుపుకునే క్లబ్బులు ఆ ప్రీమియం కట్టలేక చతికిలబడ్డాయి. ఒక్క ఫిర్యాదూ లేకుండా ఏళ్ల తరబడి నడిచినవాటికీ అదే మోత. అది అన్యాయమే. 1 శాతం తప్పుకు నూరు శాతం శిక్ష వేస్తే జాగ్రత్తగా ఉన్నవాడికీ, లెక్కలేకుండా పోసినవాడికీ తేడా ఉండదు. తేడా లేనప్పుడు జాగ్రత్త పడాలని ఎవరికి అనిపిస్తుంది?

కొత్త చట్టం ఆ మోతను తగ్గించింది. తాగిన డ్రైవర్‌తో పాటు బార్‌కూ బాధ్యత ఉందని తేలినా, బార్ నుంచి రాబట్టగలిగేది నష్టంలో గరిష్ఠంగా సగమే. అర్ధరాత్రికల్లా మందు ఆపేసే చోట, సిబ్బందికి శిక్షణ ఇప్పించే చోట తీసుకోవాల్సిన బీమా మొత్తాన్ని తగ్గించింది. మందు పోసేవాళ్లకు శిక్షణ తప్పనిసరి చేసింది. ఇంతవరకూ బాగుంది.

మిగిలిన సగం మాటేమిటి? డ్రైవర్ జైల్లో ఉంటాడు. అతని బీమా 25 వేల దగ్గర ఆగిపోయింది. అంటే లోటును మోసేది గాయపడినవాడే. బార్ల మీది బరువు దించాలనుకున్న శాసనసభ అదే చేత్తో కారు బీమా కనీస మొత్తాన్ని పెంచి ఉండాల్సింది. ఆ బరువు గాల్లో కలిసిపోలేదు, అందరికంటే బలహీనుడైన బాధితుడి నెత్తిన పడింది. సంస్కరణ పేరుతో జరిగే చాలా మార్పుల్లో ఇదే కనిపిస్తుంది. నష్టం తగ్గదు, దాన్ని మోసేవాడు మారతాడు.

ఇక శిక్షణ సంగతి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సాస్‌ను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. అక్కడి చట్టం 1987 నాటిది. తనకూ ఇతరులకూ స్పష్టంగా ప్రమాదకరమయ్యేంతగా మత్తులో ఉన్నాడని కళ్లకు కనిపిస్తున్న మనిషికి మందు పోస్తే బార్ బాధ్యత వహించాలి. వినడానికి గట్టిగానే ఉంది. కానీ దానికో మినహాయింపు ఉంది. సిబ్బంది రాష్ట్రం ఆమోదించిన శిక్షణకు వెళ్లి తీరాలని యజమాని నియమం పెట్టి, ఆ ఉద్యోగి నిజంగానే వెళ్లి, చట్టం తప్పమని యజమాని ప్రోత్సహించకపోతే, ఉద్యోగి చేసిన తప్పు యజమానికి అంటదు. ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో బిర్యానీతో పాటు బార్ లైసెన్సు కూడా తీసుకున్న తెలుగు యజమానికి ఈ సర్టిఫికెట్ విలువ బాగా తెలుసు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని కొద్ది గంటల్లో పూర్తి చేయవచ్చు. రెండేళ్లు చెల్లుతుంది.

ఆ సర్టిఫికెట్ ఉన్న అమ్మాయి శనివారం రాత్రి పదకొండున్నరకు కౌంటర్ వెనక ఎలా ఉంటుందో చూడండి. గంటకు ఆమెకు యజమాని ఇవ్వాల్సిన కనీస నగదు జీతం 2.13 డాలర్లు. టిప్పుల మీద బతికేవాళ్లకు ఫెడరల్ చట్టం పెట్టిన ఈ అంకె 1991 నుంచి కదల్లేదు, టెక్సాస్‌లోనూ సౌత్ కరోలినాలోనూ అదే నడుస్తోంది. ఇంటి అద్దె, ఫోన్ బిల్లు అన్నీ టిప్పుల్లోంచే రావాలి. ఎదుట ఆరుగురి బృందం ఉంది. ఒకతని మాట ముద్దగా వస్తోంది, కార్డు ఇవ్వబోయి కింద పడేశాడు. ఇంకో రౌండ్ అంటున్నాడు. ‘మీకు ఇక చాలు సార్’ అని ఆమె అంటే ఆ టేబుల్ మొత్తం లేచిపోతుంది, దాంతో పాటు ఆ రాత్రి సంపాదన కూడా పోతుంది. మేనేజర్ ఏమీ అనడు. వచ్చే వారం ఆమెకు శనివారం బదులు మంగళవారం షిఫ్టు పడుతుంది, అంతే. ఆన్‌లైన్ పాఠం ఎంత బాగున్నా ఈ టెన్షన్‌ను తీర్చలేదు. ‘వద్దు’ అన్న ఉద్యోగికి ఆ రాత్రి నష్టం పూడ్చే ఏర్పాటు, వద్దన్న ప్రతిసారీ రాసిపెట్టే పుస్తకం ఉన్న యజమానికి మాత్రమే ఆ మినహాయింపు దక్కాలని మేము భావిస్తున్నాం. గోడకు తగిలించిన సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే సరిపోకూడదు.

కొన్ని రాష్ట్రాల్లో ఈ మాత్రమూ లేదు. వర్జీనియా, మేరీలాండ్, కాన్సాస్ కోర్టులు బార్ మీద దావాకు చోటివ్వలేదు. తాగినవాడిదే తప్పు, పోసినవాడిది కాదన్నాయి. మేరీలాండ్ అత్యున్నత న్యాయస్థానం 2013లోనూ అదే మాట మీద నిలబడింది. పొటోమాక్ నది దాటి వాషింగ్టన్‌లోకి వెళితే ఉన్న హక్కు ఇటు వర్జీనియాలో లేదు. 2023లో అమెరికా రోడ్ల మీద తాగిన డ్రైవర్ల ప్రమేయం ఉన్న ప్రమాదాల్లో 12,429 మంది చనిపోయారు. మొత్తం మరణాల్లో ఇది దాదాపు 30 శాతం. ఇంత ప్రాణనష్టం కళ్లముందు ఉండగా మందు పోసినవాడికి సంబంధం లేదనడం మాకు సబబుగా తోచడం లేదు.

ఈ మొత్తం చర్చలో మాకు బాగా నచ్చింది మసాచుసెట్స్ చేస్తున్న చిన్న పని. అక్కడ తాగి నడిపిన కేసులో నేరం రుజువైతే, దానికి ముందు లైసెన్సున్న బార్‌లో తాగావా, తాగితే ఏ బార్ అని కోర్టు డ్రైవర్‌ను అడగాలి. ఆ పేరు మద్యం లైసెన్సులు చూసే రాష్ట్ర కమిషన్‌కు వెళ్తుంది. ఒకే బార్ పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే ఎక్కడ తనిఖీ చేయాలో ఇట్టే తెలిసిపోతుంది. దీనికి జ్యూరీ అక్కర్లేదు, బీమా అక్కర్లేదు, ఎవరి వాటా ఎంత అన్న పేచీ అక్కర్లేదు.

ఈ ప్రశ్న మన దగ్గరా అడగాలి. మన పరిహార విధానం వేరు. థర్డ్ పార్టీ బీమా ఉన్న వాహనం ఢీకొంటే, ప్రాణనష్టానికి ట్రైబ్యునల్ ఎంత చెబితే అంత బీమా కంపెనీ కడుతుంది కాబట్టి బాధితుడి లాయర్‌కు బార్ దాకా వెళ్లే అవసరం రాదు. అందుకే బార్ బాధ్యత గురించి మన దగ్గర చర్చే లేదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు అంటుంది. ఆ మందు ఎక్కడ పోశారో తేల్చాల్సిన పని ఆ సెక్షన్‌లో లేదు. 2019 సవరణ మైనర్ చేతికి బండి ఇచ్చిన తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు అంది. తాగి నడపడానికి తోడ్పడినవాళ్లకూ శిక్ష ఉందని 188వ సెక్షన్ ఎప్పటినుంచో చెబుతోంది. ఆ సెక్షన్ బార్ కౌంటర్ దాకా చేరాలంటే ముందు ఆ కౌంటర్ పేరు కాగితం మీదికి ఎక్కాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బార్లకు, వైన్ షాపులకు సరుకు టోకున అమ్మేది ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్లే. ఖజానాకు వచ్చే ఆదాయం ఎంత పెద్దదో అందరికీ తెలిసిందే. బార్‌ను ప్రశ్నించడానికి ప్రభుత్వాలు ఎందుకు వెనకాడతాయో మాకు అర్థం కాకపోలేదు. కానీ లైసెన్సు ఇచ్చింది ప్రభుత్వమే, సరుకు పంపింది ప్రభుత్వమే అయినప్పుడు ఆ బార్ ఎలా పోస్తోందో కనిపెట్టాల్సిన బాధ్యత కూడా ప్రభుత్వానిదే.

హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ విజయవాడలోనూ డ్రంకెన్ డ్రైవ్ తనిఖీల్లో కేసు రాసే ప్రతి కాగితంలో ఒక గడి చేర్చండి: చివరిగా ఎక్కడ తాగారు, ఎన్ని గంటలకు? జేబులో బిల్లు ఉంటే దాని మీది సమయం రాసుకోండి. నెలాఖరుకు ఆ పేర్లు ఎక్సైజ్ శాఖకు పంపండి, లైసెన్సు పునరుద్ధరణ ఫైల్లో పెట్టండి. దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు, రెండు ప్రభుత్వాలూ ఈ నెలలోనే ఉత్తర్వు ఇవ్వవచ్చు.