సంతకం పెట్టకండి: గ్రీన్‌కార్డు తీసేయడం జడ్జి పని, ఎయిర్‌పోర్టు అధికారిది కాదు

ఆరు నెలలు దాటకుండా ఒకసారి అమెరికాలో కాలుపెట్టి వస్తే చాలు, గ్రీన్‌కార్డుకు ఢోకా లేదు. తెలుగు కుటుంబాల్లో ఏళ్ల తరబడి చెలామణీ అవుతున్న ఈ సూత్రం తప్పు. దీన్ని నమ్ముకుని చలికాలమంతా హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో గడిపి తిరిగి వెళ్లిన పెద్దవాళ్లను విమానాశ్రయాల్లో గంటల కొద్దీ కూర్చోబెట్టి ప్రశ్నించారన్న కథనాలు 2025 మార్చి నుంచి చదువుతూనే ఉన్నాం. గ్రీన్‌కార్డు ఉన్నంత మాత్రాన అమెరికాలో నిరవధికంగా ఉండే హక్కు రాదని ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ అన్నది కూడా ఆ నెలలోనే. అప్పటి నుంచి భయం పెరిగింది కానీ, చట్టం గురించిన అవగాహన మాత్రం పెరగలేదు.

మనవాళ్లు మూడు వేర్వేరు లెక్కలను ఒకటిగా కలిపేశారు. మొదటిది 180 రోజుల లెక్క. 1996లో వలస చట్టాన్ని సవరించినప్పుడు వచ్చింది. ఏకబిగిన 180 రోజులకు మించి బయట ఉండి వచ్చిన గ్రీన్‌కార్డుదారును కొత్తగా ప్రవేశం కోరుతున్న వ్యక్తిగా చూడొచ్చని అది చెబుతుంది. అంటే పాత నేరాలు, ఆరోగ్యం, ప్రభుత్వ సాయం మీద ఆధారపడే అవకాశం వంటివన్నీ మళ్లీ తిరగదోడవచ్చు. రెండోది ఏడాది లెక్క. ఏడాది లోపు తిరిగొస్తేనే ఆ కార్డు ప్రయాణ పత్రంగా పనికొస్తుంది. మూడోది పౌరసత్వం లెక్క. ఒకే ప్రయాణం ఆరు నెలలు దాటితే నివాసం తెగిందని అనుకుంటారు, కాదని దరఖాస్తుదారే చూపించుకోవాలి. ఏడాది నిండితే తెగినట్టే. ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీద ఉండాలన్నది దీనికి అదనం.

ఈ మూడింటిలో ఏదీ గ్రీన్‌కార్డును కాపాడదు. 180 రోజుల మాట ఉన్న సెక్షన్‌లోనే, దానికంటే ముందు, శాశ్వత నివాసాన్ని వదులుకున్న వ్యక్తి అనే అంశం ఉంది. దానికి రోజుల లెక్క లేదు. 1975 నాటి కేన్ కేసు ఇక్కడ చదవాల్సింది. జమైకాలో ఏడాదికి 11 నెలలు ఉంటూ, అక్కడ లాడ్జింగ్ నడుపుకొంటూ, ఏటా ఒక నెల అమెరికా వచ్చి వెళ్లిన మహిళ కేసు అది. క్రమం తప్పకుండా వచ్చి వెళ్లడం ఆమెను కాపాడలేదు. ఎందుకు వెళ్లారు, ఎప్పటికి తిరిగి రావాలనుకున్నారు, ఇల్లూ ఉద్యోగమూ ఎక్కడున్నాయి అన్నవే అప్పటి నుంచీ కొలమానాలు. 179వ రోజున దిగి, రెండు వారాలుండి, మళ్లీ విమానం ఎక్కేవాళ్లు ఈ కొలమానాల ముందు నిలబడలేరు. ఏడెనిమిది నెలలు తల్లికి క్యాన్సర్ చికిత్స చేయించి, ఆ పని ముగియగానే తిరిగొచ్చిన వ్యక్తి నిలబడగలరు.

ఇక అసలు సంగతి. ఈ కొలమానాలు వేసి తీర్పు చెప్పేది ఎవరు?

విమానాశ్రయంలో మొదటి కౌంటర్‌లో సందేహం వస్తే సెకండరీకి, అంటే విడిగా ప్రశ్నించే గదికి పంపిస్తారు. ఆ గదిలో పక్కన లాయర్‌ను కూర్చోబెట్టుకునే హక్కు లేదు. బయట ఎదురుచూస్తున్న కూతురికి ఫోన్ చేసుకునే వీలు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పద్దెనిమిది, ఇరవై గంటల ప్రయాణం చేసి వీల్‌చెయిర్‌లో కూర్చున్న డెబ్బై ఏళ్ల మనిషిని మీ ఇల్లు ఎక్కడ అని అడుగుతారు. ‘గుంటూరు’ అంటారు. ఎందుకొచ్చారు అంటే ‘అమ్మాయిని, మనవరాలిని చూసి పోదామని’ అంటారు. మన ఇళ్లలో ఎవరైనా చెప్పే సమాధానమే ఇది. అధికారి రాసుకునే కాగితంలో మాత్రం అది నివాసం భారత్‌లో ఉందనీ, అమెరికాకు చుట్టపుచూపుగా వచ్చారనీ ఒప్పుకున్న వాంగ్మూలంగా నమోదవుతుంది. ప్రతి పేజీ కిందా పొడి అక్షరాలు పెట్టిస్తారు. చివర్లో ఐ-407 అనే ఫారం ముందుకొస్తుంది. గ్రీన్‌కార్డును స్వచ్ఛందంగా వదులుకుంటున్నానని చెప్పే ఫారం అది. సంతకం పెట్టకపోతే డిటెన్షన్ అన్న మాట కూడా అప్పుడే వినిపించవచ్చు.

స్వచ్ఛందంగా అన్న షరతు ఆ ఫారానికి ప్రాణం. వద్దు అనడానికి పూర్తి హక్కు ఉంది. వద్దంటే అధికారి చేయగలిగింది ఇమిగ్రేషన్ కోర్టుకు హాజరు కమ్మని నోటీసు ఇవ్వడం. అక్కడ రుజువు భారం తలకిందులవుతుంది. వదులుకోలేదని గ్రీన్‌కార్డుదారు నిరూపించుకోనక్కర్లేదు, వదులుకున్నారని ప్రభుత్వమే నిరూపించాలి. అదీ స్పష్టమైన, సందేహానికి తావులేని, ఒప్పించగలిగే సాక్ష్యంతో. 1966లో వుడ్బీ కేసులో సుప్రీంకోర్టు దేశ బహిష్కరణకు పెట్టిన ప్రమాణం ఇది. తిరిగొస్తున్న శాశ్వత నివాసికీ ఇదే వర్తిస్తుందని 1988లో హువాంగ్ కేసులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తేల్చింది. తిరిగొచ్చే నివాసికి న్యాయప్రక్రియ హక్కు ఉందని ప్లాసెన్సియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 1982లోనే. తుది ఉత్తర్వు వచ్చేదాకా శాశ్వత నివాస హోదా చెక్కుచెదరదు. కార్డు తీసుకుంటే ప్రత్యామ్నాయ రుజువు ఇవ్వమని అడగాలి. సాధారణంగా పాస్‌పోర్టు మీద ఐ-551 ముద్ర వేస్తారు.

ఇంత బరువైన రుజువు ప్రభుత్వం నెత్తిన ఉంది కాబట్టే ఆ గదిలో సంతకానికి అంత విలువ. అవతలివాళ్లు కోర్టులో గెలవాల్సిన కేసును మనం ఒక్క పెన్ను గీతతో గెలిపించి పంపిస్తున్నాం. డిటెన్షన్ ముప్పు లేదని నేను అనను. కొత్తగా ప్రవేశం కోరుతున్నట్టు పరిగణించిన మనిషిని నిర్బంధించే అధికారం చట్టంలో ఉంది. రోజూ మందులు వేసుకునే పెద్దవాళ్ల విషయంలో అది చిన్న విషయం కాదు. అందుకే ప్రయాణానికి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి, నంబరు కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టాలి, ఫోన్‌ను అధికారులు తీసుకోవచ్చు కాబట్టి. తెలుగు దుబాసీ కావాలని అడగాలి. అర్థం కాని పేజీ మీద పొడి అక్షరాలు పెట్టకూడదు.

ఏటా పది నెలలు ఇండియాలో ఉండేవాళ్లకు శాశ్వత నివాసం ఎందుకు, అధికారి అడిగితే తప్పేమిటి అని వాదించేవాళ్లున్నారు. అడగడం తప్పు కాదు, అది అతని ఉద్యోగం. హువాంగ్ కేసులో కూడా బోర్డు రుజువు భారం ప్రభుత్వానిదే అంటూనే, హువాంగ్ నివాసం వదులుకున్నారని తేల్చింది. కానీ ఆ మాట తేల్చింది విచారణ తర్వాత.

నిజంగానే పని మీద వెళ్లేవాళ్లు ఫైలు ముందే కట్టుకోవాలి. టికెట్ అమెరికాలో మొదలై అమెరికాలో ముగిసేలా కొనాలి. హైదరాబాద్ నుంచి రానూపోనూ టికెట్ కొన్నారంటే ఇల్లు ఎక్కడో టికెట్టే చెబుతుంది. నివాసిగా 1040 ఫారంతో వేసిన పన్ను రిటర్నుల ట్రాన్‌స్క్రిప్టులు, లీజు లేదా ఇంటి లోను కాగితం, ఆరోగ్య బీమా, డ్రైవింగ్ లైసెన్సు వెంట ఉండాలి. నాన్‌రెసిడెంట్‌గా 1040-ఎన్ఆర్ వేస్తే వచ్చే పన్ను మిగులు చూసి మురిసిపోయేవాళ్లు, నివాసం వదులుకున్నామని స్వహస్తాలతో రాసిచ్చినట్టే. ఆలస్యానికి కారణం చూపే కాగితాలు తెలుగులో ఉంటే ఉపయోగం తక్కువ. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, మరణ ధ్రువీకరణ, పొలం పార్టిషన్ దావాలో వాయిదా తేదీలు, అన్నిటికీ ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి.

ఏడాది దాటుతుందని తెలిస్తే రీఎంట్రీ పర్మిట్, అంటే తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి పత్రం తప్పదు. ఐ-131 దరఖాస్తు అమెరికాలో ఉండగానే వేయాలి, వేలిముద్రలు కూడా అక్కడే ఇవ్వాలి. ఆ తర్వాత వెళ్లిపోవచ్చు, పర్మిట్‌ను కాన్సులేట్‌కు పంపించమని కోరవచ్చు. గడువు మామూలుగా రెండేళ్లు, పొడిగింపు ఉండదు. హైదరాబాద్ చేరాక గుర్తొస్తే లాభం లేదు. పర్మిట్ లేకుండా ఏడాది దాటితే మిగిలే మార్గం తిరిగొచ్చే నివాసికి ఇచ్చే ఎస్‌బీ-1 వీసా, దాన్ని డీఎస్-117 ఫారంతో అడగాలి. ఆలస్యం మన చేతిలో లేని కారణం వల్లే జరిగిందని అక్కడ మనమే నిరూపించాలి. 2020లో విమానాలు ఆగిపోవడం అలాంటి కారణం, ఫ్లాట్ బేరం కుదరకపోవడం కాదు.

అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకు మరో మాట. అక్కడ అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ విమానం ఎక్కకముందే జరుగుతుంది. అక్కడ కాదంటే విమానం ఎక్కనివ్వరు. అమెరికా నేల మీద లేరు కాబట్టి జడ్జి ముందుకు పంపమని పట్టుబట్టే అవకాశం దాదాపు ఉండదు. ఎక్కువ కాలం బయట ఉన్నవాళ్లు ఆ మార్గం ఎంచుకోకపోవడమే మంచిది.

ఇదంతా చెప్పాక అడగాల్సింది ఆ గదిలోని అధికారిని కాదు, పిల్లలను. అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు ఎందుకు పెట్టారు? పిల్లలకు పౌరసత్వం రాగానే తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు కోసం ఐ-130 పిటిషన్ వేయడం మన సంఘంలో ఒక ఆనవాయితీ అయిపోయింది. పౌరుల తల్లిదండ్రులకు ఏటా ఇన్నే అనే పరిమితి లేదు, త్వరగా వస్తుంది, బీమా కొనుక్కోవచ్చు. వాళ్లు అక్కడ స్థిరపడాలనుకుంటున్నారా అన్న ప్రశ్న మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ అడగలేదు. ఊళ్లో ఇల్లు, పొలం, గుడి, తోబుట్టువులు ఉన్న మనిషికి ఈ కార్డు ఏటా రెండుసార్లు పసిఫిక్‌నో, అట్లాంటిక్‌నో దాటాల్సిన కట్టుబాటు. మోకాళ్ల నొప్పులతో, రక్తపోటుతో ఆ ప్రయాణం చేస్తున్నది కార్డు కోసమే తప్ప మనవల కోసం కాదు. పదేళ్ల సందర్శక వీసా మీద ఒక్కో రాకకు సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. ఇల్లు గుంటూరులో ఉందని చెప్పడం అక్కడ బలం అవుతుంది.

అలాంటి కుటుంబాలకు ఐ-407 శత్రువు కాదు. దాన్ని ఇంట్లో, పిల్లలతో కూర్చుని, పన్ను సలహాదారును అడిగి నింపాలి. గత పదిహేనేళ్లలో ఎనిమిదేళ్లు కార్డు ఉన్నవాళ్లకు వదులుకునేటప్పుడు పన్ను నిబంధనలు వేరుగా ఉంటాయి. కార్డుతో పాటు ఫారాన్ని పోస్టులో అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు పంపవచ్చు, దాని నకలు పెట్టుకుని తర్వాత సందర్శక వీసాకు దరఖాస్తు చేయవచ్చు. ఎప్పుడో ఒకనాడు అమెరికాలోనే ఉండిపోవాలని వాళ్లు నిర్ణయించుకుంటే పౌరులైన పిల్లలు మళ్లీ ఐ-130 వేయడానికి చట్టంలో అడ్డు లేదు.