సాలిడ్ ఫ్లైవీల్ వేయిస్తే ఖర్చు తీరదు, చోటు మారుతుంది

డీజిల్ కారులో ఇంజన్‌కూ క్లచ్‌కూ మధ్య తిరిగే బరువైన చక్రమే ఫ్లైవీల్. రెండు ముక్కలుగా ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అరిగితే దాన్ని తీసేసి చౌకైన, ఒకే ముక్కగా ఉండే సాలిడ్ ఫ్లైవీల్ బిగించుకోవాలని, అది జీవితకాలం మన్నుతుందని, నడకలో తేడా తెలియదని, ఆ రెండు ముక్కల ఫ్లైవీల్ విడిభాగాలు అమ్ముకోవడానికి కంపెనీలు పన్నిన ఎత్తుగడ మాత్రమేనని చెప్పే సందేశం ఒకటి వాట్సాప్‌లో విరివిగా తిరుగుతోంది. సాలిడ్ చౌక అన్న మాట నిజమే. మిగిలినవి చాలావరకు నిలబడవు.

ఎత్తుగడ సంగతి ముందు చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోపు రెండు సిలిండర్లు మండుతాయి కాబట్టి, 800 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో సెకనుకు దాదాపు 27 కుదుపులు పుడతాయి. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌లోని రెండు చక్రాల మధ్య గ్రీజులో మునిగి ఉండే వంపు స్ప్రింగులు ఆ కుదుపులు గేర్‌బాక్స్‌కు చేరకుండా చాలావరకు మింగేస్తాయి. పాత జీపులకు ఇది లేదు కదా అంటారు. నిజమే, కానీ ఆ ఇంజన్ల లాగుడు తక్కువ, గేర్ల మోత అప్పట్లో ఎవరూ పట్టించుకునేవారు కాదు. డీజిల్‌ను అధిక పీడనంతో చిమ్మే నేటి కామన్ రైల్ ఇంజన్లలో చాలావాటికి పూర్తి లాగుడు (టార్క్) 1,750 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది, మనం ఎక్కువగా నడిపేదీ ఆ వేగాల్లోనే, కాబట్టి బలమైన కుదుపులను మింగే భాగం వీటికి కావాలి.

తేడా తెలియదన్న మాట ఇంకా ప్రమాదకరం. సాలిడ్ వేశాక కుదుపుల భారమంతా క్లచ్ ప్లేట్ మధ్యనున్న చిన్న స్ప్రింగుల మీద పడుతుంది, వాటి కదలిక చాలా తక్కువ. న్యూట్రల్‌లో క్లచ్ వదలగానే వినిపించే గరగర గేర్ పళ్లు ఒకదానికొకటి కొట్టుకునే శబ్దం. పాటల శబ్దం పెంచి దాన్ని కప్పవచ్చు గాని, బేరింగుల అరుగుదలను కప్పలేము. అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి ఉంది: డ్యూయల్ మాస్‌కు జతగా వచ్చే క్లచ్ ప్లేట్లలో చాలావాటికి స్ప్రింగులే ఉండవు. అలాంటి ప్లేటునే సాలిడ్‌కు తగిలిస్తే కుదుపును ఆపే భాగమే బండిలో మిగలదు.

జీవితకాలం మన్నడం సాలిడ్ ఫ్లైవీల్ విషయంలో కొంతవరకు ఒప్పుకోదగినదే, లేత్ మీద చెక్కి మళ్లీ వాడవచ్చు కూడా. అయితే మిగిల్చిన డబ్బును గేర్‌బాక్స్ అడుగుతుంది.

అదే ఇంజన్, గేర్‌బాక్స్ జతకు కంపెనీయే సాలిడ్ ఇచ్చిన రకం ఉన్నా, పేరున్న తయారీదారు ఎక్కువ కదలిక గల స్ప్రింగుల ప్లేటుతో ఆ మోడల్‌కు పూర్తి సెట్టు అమ్ముతున్నా, మార్పిడికి నేను అభ్యంతరం చెప్పను. ఏది వేసినా ముందు పాతదాని రెండు చక్రాల మధ్య తిరుగుడు ఆటను (ఎంత వదులుగా తిరుగుతోందో), ఊగుడును కొలిపించి ఆ మోడల్ పరిమితితో పోల్చాలి. శబ్దం విని తీర్పు చెప్పకూడదు. ఇంజెక్టర్ సరిగా పనిచేయకపోయినా, బ్యాటరీ బలహీనమై స్టార్టర్ నెమ్మదిగా తిప్పినా కొత్త ఫ్లైవీల్ కూడా త్వరగా పాడవుతుంది. గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు కనుక క్లచ్ సెట్టు, రిలీజ్ బేరింగ్ అప్పుడే మార్పించాలి, ఫ్లైవీల్ బోల్టులు మాత్రం కొత్తవే వేయించాలి.