హక్కు పోయి అధికారి ఇష్టం వచ్చింది

అమెరికాకు ఇంగ్లీషే అధికార భాష అంటూ 2025 మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్‌ సంతకం పెట్టిన ఉత్తర్వులో అసలు దెబ్బ ఆ ప్రకటన కాదు. 2000లో క్లింటన్‌ ఇచ్చిన 13166వ ఉత్తర్వును రద్దు చేయడమే. ఇంగ్లీషు సరిగా రానివారికి సేవలెలా అందిస్తారో ప్రతి కేంద్ర శాఖా ప్రణాళిక రాసుకోవాలని అది శాసించింది. కేంద్రం సొమ్ము తీసుకునే ఆసుపత్రులు, బడులు, పోలీసు విభాగాలు ఒక్కో భాషవారు ఎందరున్నారు, ఎంత తరచుగా వస్తారు, సేవ ఎంత ముఖ్యం, వనరులెన్ని అన్న నాలుగు లెక్కలు చూసి దుబాసీని పెట్టేవి. కొత్త ఉత్తర్వు సేవలు ఆపమనలేదు. కొనసాగించాలో వద్దో శాఖాధిపతి ఇష్టానికి వదిలేసింది. ప్రమాదమంతా ఆ ఇష్టంలోనే ఉంది. ఆ ఏడాది జూలైలోనే న్యాయశాఖ అత్యవసరం కాని బహుభాషా సేవలు తగ్గించుకోమంది. ఏది అత్యవసరమో తేల్చేదీ అధికారే!

ఒకే భాష దేశాన్ని కలుపుతుందని, ఇంగ్లీషు వస్తే ఉపాధి దొరుకుతుందని సమర్థకుల వాదన. ఇంగ్లీషు నేర్చుకోవద్దని ఎవరన్నారు? నేర్పే తరగతులకు ఈ ఉత్తర్వు ఒక్క డాలరూ కేటాయించలేదు.

ఈ దారి ఎటు పోతుందో అలబామా ఎప్పుడో చూపించింది. 1990లో ఇంగ్లీషును అధికార భాష చేసుకున్న ఆ రాష్ట్రం డ్రైవింగ్‌ రాతపరీక్షను ఇంగ్లీషుకే పరిమితం చేసింది. వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. ఉద్దేశపూర్వక వివక్ష అయితే తప్ప, కేంద్రం సొమ్ము తీసుకునేవారు జాతి, వర్ణం, పుట్టుక దేశం చూసి వివక్ష చూపరాదనే పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం కింద వ్యక్తులు దావా వేయలేరని 2001లో కోర్టు 5-4 తేడాతో తేల్చింది. అప్పటినుంచి బాధితులకు కేంద్ర శాఖలే దిక్కు. ఇప్పుడు ఆ శాఖలనే చేతులు దులుపుకోనిస్తున్నారు. దుబాసీ లేని ఆసుపత్రిలో శస్త్రచికిత్స అంగీకార పత్రాన్ని తల్లికి పదేళ్ల బిడ్డ వివరించాల్సి వస్తుంది. మాత్ర పూటకొకటో, రోజుకొకటో ఆ బిడ్డ చెప్పిందే లెక్క. పొరపాటు జరిగితే జవాబుదారీ ఎవరు?

ఓటుహక్కు చట్టం ఇలా ఎవరి దయకూ వదల్లేదు. ఇతర షరతులకు లోబడి, ఒక ప్రాంతంలో ఇంగ్లీషు అంతగా రాని ఒకే భాషా వర్గపు పౌరులు 10,000 మందికి మించినా, ఓటువయసు పౌరుల్లో 5 శాతం దాటినా బ్యాలెట్‌ ఆ భాషలోనూ ఇవ్వాల్సిందే. చట్టంలో అంకె ఉంది కనుక అక్కడ అధికారి ఇష్టం చెల్లదు. ఆసుపత్రికీ, కోర్టుకూ అలాంటి అంకెను చట్టంలో రాయాల్సింది అమెరికా చట్టసభ కాంగ్రెస్‌. 1981లో ఇంగ్లీషును అధికార భాష చేయాలంటూ సెనేటర్‌ హయకావా రాజ్యాంగ సవరణ ప్రతిపాదించినప్పటి నుంచీ అధికార భాషపై ఏ చట్టమూ చేయని సభ, తన పని అధ్యక్షుడు ఒక్క సంతకంతో ముగిస్తుంటే అడ్డుకోలేదు. రేపు మరో హక్కు మరో సంతకానికి పోతే అడిగే నైతిక అర్హత ఈ సభ్యులకు ఎక్కడిది?