సవరణ: ఎథెల్ వాటర్స్ గురించి రాసినదాంట్లో తప్పులు

జాజ్ గాయని, రంగస్థల నటి ఎథెల్ వాటర్స్ మీద ఇంతకుముందు రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. క్షమించండి.

‘స్టార్మీ వెదర్’ పాటను మొదట పాడింది మరో గాయని లీనా హోర్న్ అని రాశాను. కాదు. 1933లో న్యూయార్క్ హార్లెమ్‌లోని కాటన్ క్లబ్ వేదిక మీద దాన్ని జనానికి వినిపించింది ఎథెల్ వాటర్సే. లీనా హోర్న్ పాడిన సినిమా వచ్చింది పదేళ్ల తర్వాత, 1943లో.

ఆస్కార్‌కు నామినేట్ అయిన మొదటి నల్లజాతి నటి ఎథెల్ అన్నదీ తప్పే. ఆ ఘనత హాటీ మెక్‌డేనియల్‌ది, ఆమె అవార్డు కూడా గెలిచారు. 1949 నాటి ‘పింకీ’ సినిమాతో నామినేషన్ పొందిన ఎథెల్ రెండోవారు.

ఇంకొకటి తప్పు కాదు గానీ, నాకు మనసు ఒప్పలేదు. 1933లోనే బ్రాడ్‌వేలో వచ్చిన ‘యాజ్ థౌజండ్స్ చీర్’ని సరదా పాటల షో అని ఒక్క ముక్కలో తేల్చేశాను. సరదా పాటలు ఉన్నాయి, నిజమే. కానీ అదే షోలో ఆమె ‘సప్పర్ టైమ్’ కూడా పాడారు. ఆ పాటలోని స్త్రీ భర్తను మూక చంపేసింది. ఇంట్లో పిల్లలకు రాత్రి అన్నం పెట్టాలి. నాన్న ఇక రాడని వాళ్లకు ఎలా చెప్పాలి? ఆ తల్లి వేదనే ఆ పాట. తెల్లవాళ్లు ప్రధాన తారలుగా ఉన్న షోలో, వాళ్లతో సమానంగా నిలబడి ఆమె దాన్ని పాడారు. నేను ముందుగా రాయాల్సింది అదే.

పాత పోస్టులో ఈ మార్పులు చేశాను.