బ్లూ టిక్ పడితే చెప్పినట్టేనా?

ఈ ఉదయం మిర్యాలగూడ శివారులోని మా రైస్ మిల్లు గేటు దగ్గర నాకు దక్కిన మర్యాదను నలుగురితో చెప్పుకోకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టేలా లేదు. మొదటి ట్రాక్టరు ధాన్యం దించి ఖాళీగా కాంటా మీదికి వచ్చింది. రెండో తూకం కూడా చూసి, అలవాటు ప్రకారం ప్రింటు బటన్ నొక్కాను. చిట్టీ రాలేదు. కాగితం ఇరుక్కుందేమోనని ప్రింటరు మూత తీసి చూస్తే లోపల కాగితపు చుట్టే లేదు. వాచ్‌మన్‌ను పిలిచి అడిగాను. “నీకు ఎరుక లేదా సారూ, ఇయ్యాల్టి సంది చిట్టీలు బందంట గదా” అన్నాడు. పద్నాలుగేళ్లుగా ఈ మిల్లులో గుమాస్తాగా ఉన్న నాకు, నా చేతి కింది పని మారిపోయిందన్న కబురు వాచ్‌మన్ నోట తెలిసింది. నీకెవరు చెప్పారయ్యా అంటే, రాత్రి కాగితపు చుట్టలన్నీ సంచిలో వేసుకొని పోయిన కుర్రవాడు చెప్పాడట.

తర్వాత ఫోను తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. రాత్రి 11 గంటల 47 నిమిషాలకు మిల్లు వాట్సాప్ గ్రూపులో నాలుగు పేజీల పీడీఎఫ్ ఒకటి వచ్చి పడి ఉన్నది. సీజనులో తెల్లవారుజామున నాలుగున్నరకు లేచేవాడు ఆ వేళకు ఏం చేస్తుంటాడో మా చిన్న సేటుకు తెలియదనుకోను. రేపటి నుంచి కాంటా చిట్టీ కాగితం మీద ఇవ్వరు, రైతు నమోదు చేసిన నంబరుకు మెసేజ్ వెళుతుంది, ఇదీ అందులోని సారాంశం. ఈ రెండు ముక్కలకు నాలుగు పేజీలు ఎందుకయ్యాయంటే, మొదటి రెండు పేజీల నిండా మిల్లు భవిష్యత్తు గురించిన కలలే ఉన్నాయి. పైగా అంతా ఇంగ్లీషు. మా మిల్లు ఆవరణలో మూడు భాషలు వినిపిస్తాయి: రైతులది తెలుగు, బీహార్ నుంచి వచ్చిన హమాలీలది హిందీ, తండాల నుంచి వచ్చేవారు తమలో తాము మాట్లాడుకునేది లంబాడీ. ఈ మూడింటిలో ఏది రాసినా ఎవరికో ఒకరికి అర్థమయ్యే ప్రమాదం ఉందని కాబోలు, ఎంతో జాగ్రత్తగా నాలుగోదాన్ని వెతికి పట్టుకున్నారు.

ఆ ట్రాక్టరులో ధాన్యం తెచ్చిన పెద్దమనిషి దామరచర్ల అవతలి తండా నుంచి వచ్చాడు. రాత్రి రెండు గంటల నుంచి వరుసలో ఉన్నాడు. కాంటా గది కిటికీలోంచి చెయ్యి లోపలికి చాచి, అరచేయి తెరిచి పట్టుకొని నిలబడ్డాడు. ఏటా ఆ చేతిలో చిట్టీ పడుతుంది, ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి తువ్వాలు కొసకు ముడి వేసుకుంటాడు, ఆ ముడిని ఒకసారి వేళ్లతో నొక్కి చూసుకొని గాని కిటికీ వదలడు. ఈ రోజు ఆ చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. “ఫోనుకు వస్తుంది పెద్దాయనా” అన్నాను, నాకే నమ్మకం లేని గొంతుతో. ఆయన జేబులోంచి బటన్ ఫోను తీసి చూపించి, “దీన్ల అక్షరాలు నాకేం ఎరుక బిడ్డా? గా నంబరు నా కొడుకుది, వాడు పట్నంల నైటు డ్యూటీ చేసి ఇప్పుడే పండుకుంటడు. కాగితం ఇయ్యి” అన్నాడు. నేను చూస్తే కంప్యూటరులో నమోదైన నంబరు నిజంగానే కొడుకుది. ధాన్యం తండ్రిది, చాకిరీ తండ్రిది, వరుసలో రాత్రి జాగారం తండ్రిది, తూకం వివరం మాత్రం హైదరాబాదులో నిద్రపోతున్న కొడుకు దిండు కింద మోగింది.

ఆ చిట్టీ అంటే ఏమిటో పీడీఎఫ్ రాసినవారికి తెలియకపోవచ్చు గాని కాంటా గదిలో ఒక్క పూట కూర్చున్నా తెలిసేది. అందులో నిండు బరువు, ఖాళీ బరువు, వచ్చిన వేళ, తేమ, తరుగు అన్నీ ఉంటాయి. రైతుకు అది డబ్బుల హామీ. ట్రాక్టరు కిరాయి ట్రిప్పు లెక్కన గనుక డ్రైవరుకు అది ట్రిప్పుల లెక్క, రాత్రికి యజమాని ముందు పరిచి కూలి అడిగేది ఆ కాగితాలతోనే. కోత మిషను వానికి బాకీ చెల్లిస్తానని నమ్మించేదీ, ఇంట్లో భార్యకు ఎన్ని క్వింటాళ్లు అయ్యాయో చూపించేదీ అదే. హమాలీ మేస్త్రీ దించిన బరువు రాసుకునేది కూడా దాన్ని చూసే. ఒక్క కాగితం మీద ఇంతమంది బతుకు లెక్క ఆధారపడి ఉంటే, వీళ్లలో ఒక్కరిని కూడా “మానేస్తే నీకేమైనా ఇబ్బందా” అని అడగకుండా, రాత్రికి రాత్రి చుట్టలు సంచిలో వేసుకొని పోయారు.

ఇక ఆ తర్వాతి నాలుగు గంటలు ఏం జరిగిందో మీరు ఊహించుకోవచ్చు. చిట్టీ లేనిదే కాంటా దిగనని మొదటి డ్రైవరు బండి ఆపేశాడు, వెనక వరుస ఆగిపోయింది, హారన్లు మొదలయ్యాయి. మా వైపు రైతులు కోత మిషను నుంచి నేరుగా మిల్లుకు తెచ్చేది పచ్చి ధాన్యం. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటితే తీసుకోరు గనుక, ఆరబెట్టుకునే చోటు లేనివారు, ఓపిక లేనివారు మా దగ్గరికి వస్తారు. ఆ పచ్చి ధాన్యం ట్రాలీలో కుప్పగా ఎంతసేపు నిలబడితే అంత వేడెక్కుతుంది, రంగు మారుతుంది, ఆ మారిన రంగుకు మళ్లీ ధర తగ్గించేదీ మేమే. అందుకే వాళ్లు అరిచారు, నేను పడ్డాను. నా తల్లినీ తండ్రినీ తలచుకున్నవారు కూడా ఉన్నారు. వారి మీద నాకు కోపం లేదు. కిటికీ వెనక కనబడిన ముఖం నాదే, పీడీఎఫ్‌కు ముఖం ఉండదు.

పదకొండింటికి చిన్న సేటు కారు దిగాడు. గోల చూసి, “ఈ రోజుకు చిట్టీలు ఇచ్చెయ్యండి” అని ఒక్క ముక్కలో తేల్చేసి, నన్ను లోపలికి పిలిచాడు. “గ్రూపులో పెట్టాం కదా, నువ్వు చూసినట్టు బ్లూ టిక్ కూడా పడింది, రైతులకు నువ్వెందుకు సరిగ్గా చెప్పలేదు?” అన్నాడు. చూశారా న్యాయం! నాకు ఎవరూ చెప్పని సంగతిని నేను ఇతరులకు సరిగ్గా చెప్పలేదట. ఆ బ్లూ టిక్ పడింది ఉదయం 6 గంటల 52 నిమిషాలకు, అంటే నెత్తిన పిడుగు పడిన తర్వాత ఆకాశం వైపు చూసినప్పుడు. ఆ సందేశం కింద రాత్రే “ఓకే సార్” అని పదకొండు మంది, దండం బొమ్మలు పెట్టి మరో ఆరుగురు జవాబిచ్చి ఉన్నారు. ఆ పదకొండు మందిలో బాయిలర్ దగ్గర పనిచేసే ఒకతన్ని మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగాను, అందులో ఏముందని. “ఏమో అన్నా, అందరూ ఓకే అంటే నేనూ అన్న” అన్నాడు.

మీలో బడుల్లో పాఠాలు చెప్పేవారున్నారు, ఆస్పత్రుల బిల్లు కౌంటర్లలో కూర్చునేవారున్నారు, బ్యాంకుల్లో, దుకాణాల్లో ఉన్నారు. రాత్రి పదకొండు దాటాక వచ్చే “రేపటి నుంచి” అనే సందేశం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? మార్పును ఆలోచించేది ఏసీ గదిలో, తిట్లు తినేది కౌంటరు దగ్గర. ఇక మన అభిప్రాయం అడగడం అంటారా, అంతా అయిపోయాక ఒక గూగుల్ ఫారం పంపుతారు, అందులో “సంతోషం”, “చాలా సంతోషం” అనే రెండు గడులుంటాయి.

నిడమనూరు వైపు మా ఊళ్లో నా చిన్నతనంలో చాటింపు వేసేవారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు ఎప్పుడు బందు పెడతారో, మళ్లీ ఎప్పుడు వదులుతారో డప్పు మోగితేనే మాకు తెలిసేది. ఆ చాటింపు వేసే ఆయన చదువుకోలేదు, ఏ శిక్షణకూ పోలేదు. అయినా ప్రతి వాడకట్టు దగ్గరా ఆగేవాడు, డప్పు నాలుగు దెబ్బలు కొట్టి మనుషులు బయటికి వచ్చేదాకా చూసేవాడు, వచ్చాక చెప్పేవాడు. చెప్పి వెళ్లిపోయేవాడా అంటే అదీ కాదు. “ఏ పొద్దుకు బందు పెడుతరే? నా మడి ఇంక పారలే” అని ఏ ముసలమ్మో అడిగితే తనకు తెలిసింది చెప్పేవాడు, తెలియకపోతే “అడిగొచ్చి చెప్త అవ్వా” అనేవాడు, మాపటికి వచ్చి నిజంగానే చెప్పేవాడు. మా చిన్న సేటు హైదరాబాదులో ఒక హోటల్లో రెండు రోజులు మార్పు నిర్వహణ మీద శిక్షణకు పోయి వచ్చాడు. అక్కడ ఇచ్చిన సంచి, పెన్ను, నీళ్ల సీసా ఇప్పటికీ ఆయన బల్ల మీద ఉన్నాయి. ఆ “అడిగొచ్చి చెప్త అవ్వా” అనే మాట ఆ సంచిలో వేసి పంపినట్టు లేరు.

విచిత్రమేమిటంటే చెప్పకుండా చేసే మార్పు ఎంత కాలుస్తుందో ఈ కుటుంబానికి తెలియనిది కాదు. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి ఎనిమిదింటికి 500, 1000 నోట్లు అర్ధరాత్రి నుంచి చెల్లవని టీవీలో ప్రకటన వచ్చినప్పుడు వానాకాలం కోతలు ముమ్మరంగా ఉన్నాయి, గేటు బయట ట్రాక్టర్లు ఉన్నాయి, బీరువాలో మర్నాటి చెల్లింపులకు తెచ్చిన నగదు ఉన్నది. పెద్ద సేటు తల పట్టుకొని, “ఒక్క మాట ముందు చెబితే వీళ్ల సొమ్మేం పోయేది?” అని ఆ సీజనంతా అన్నాడు. పక్కనే నిలబడి అందరికన్నా గట్టిగా తల ఊపింది ఈ చిన్న సేటే. అదే ఏడాది మన నల్లగొండ జిల్లాను మూడు ముక్కలు చేసేటప్పుడు ఆగస్టు 22న ముసాయిదా ఇచ్చి, నెల రోజులు అభ్యంతరాలు తీసుకొని, అక్టోబరు 11న దసరా నాడు కొత్త జిల్లాలు మొదలుపెట్టారు. ఆ అభ్యంతరాలను ఎంత పట్టించుకున్నారన్నది వేరే కథ, కానీ సూర్యాపేట వాళ్లు తమది వేరే జిల్లా అయిందని మరునాడు వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకోలేదు.

మార్పంటే నాకు గిట్టదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. మెసేజ్ రావడం మంచిదే. చిట్టీ చెమటకు తడిసి అంకెలు చెరిగిపోయి తగువు పడిన రోజులు నేనెన్నో చూశాను. ఖాతా పుస్తకాల నుంచి కంప్యూటరుకు మారినప్పుడు కూడా నేను ఇక్కడే ఉన్నాను. అప్పుడు పెద్ద సేటు నన్నూ, హమాలీ మేస్త్రీనీ, ఇద్దరు డ్రైవర్లనూ వేపచెట్టు కింద కూర్చోబెట్టి, “గిట్ల చేద్దామనుకుంటున్నం, ఎక్కడ చెడుతదో చెప్పుండ్రి” అన్నాడు. కరెంటు పోతే ఎట్లా అని మేస్త్రీ అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఆ సీజనంతా పుస్తకమూ కంప్యూటరూ రెండూ నడిచాయి, ఒక్క తగువు రాలేదు. ఆ వేపచెట్టు ఇప్పటికీ ఉన్నది, దాని కింద ఇప్పుడు చిన్న సేటు కారు నిలుపుతున్నారు.

చట్టం మాట ఎత్తితే మా మిల్లులో నవ్వుతారు గాని, పనివేళలు, విరామాలు, సెలవులు, షిఫ్టులు వంటివి మార్చదలచుకుంటే కార్మికులకు నోటీసు ఇచ్చి, 21 రోజులు గడిచేదాకా అమలు చేయరాదని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 9ఎ చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ 21 రోజులను అలాగే ఉంచింది. చిట్టీ దాని కిందికి రాదని నాకూ తెలుసు. మరి మా అమావాస్య సెలవు? నిరుడు దాన్ని తీసివేసినప్పుడు 21 రోజులు కాదు, 21 గంటలు కూడా ఇవ్వలేదు. సద్ది కట్టుకోకుండా ఇంటి దగ్గర కూర్చున్న వాళ్లకు ఫోన్లు చేసి, “ఎందుకు రాలేదు” అని అడిగారు.

ఆ అమావాస్యను కూడా మరచిపోగలను గాని నా కుర్చీని మరచిపోలేను. నేను మొదటి నుంచీ కాంటా గదిలో లేను. పదకొండేళ్లు ఆఫీసులో లెక్కలు రాశాను. మూడేళ్ల కింద ఒక సోమవారం టిఫిన్ డబ్బా పట్టుకొని లోపలికి పోతే, నా కుర్చీలో, నడుము నొప్పికని నా భార్య కుట్టి ఇచ్చిన దూది దిండుకు ఆనుకొని, ఒక కొత్త అబ్బాయి కూర్చొని ఉన్నాడు. అతడు లేచి నిలబడి, “మీరు కాంటాకు మారారట కదండీ అంకుల్” అన్నాడు. పాపం, మర్యాద తెలిసిన పిల్లవాడు. ఎందుకు మార్చారని నేను ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. లెక్కల్లో తప్పు చేశానని అనుకున్నారా, వయసు మీద పడిందనుకున్నారా, కాంటా దగ్గర నమ్మకమైన మనిషి కావాలనుకున్నారా? మూడోదే అయి ఉంటుందని నా భార్య ఇప్పటికీ అంటుంది.

దిండు ఆ సాయంత్రమే తెచ్చుకున్నాను. బీరువా తాళంచెవి మాత్రం నా గుత్తిలోనే ఉండిపోయింది. అడిగితే ఇచ్చేవాణ్ని, ఎందుకు మార్చారో ఆ ముచ్చటలో నేనూ అడిగేవాణ్ని. వారం తర్వాత వేరే పని మీద లోపలికి పోయి చూస్తే బీరువాకు కొత్త తాళం వేలాడుతూ కనిపించింది.