సైజు ఒక్కటీ కలిస్తే సరిపోదండీ

ఆర్టికల్ బాగుంది గానీ చిన్న విమానాలకి సైజు కలిస్తే ఏ టైరైనా వేసేయొచ్చు అన్నారు చూడండి, అక్కడ మాత్రం ఒప్పుకోలేకపోతున్నా. నేను ఫ్లయింగ్ స్కూల్లో మెయింటెనెన్స్ చూస్తా, మా దగ్గరున్నవన్నీ సెస్నా 172 అనే చిన్న ట్రైనింగ్ విమానాలే, వెనక మెయిన్ చక్రాలకి 6.00-6, ముందు చక్రానికి 5.00-5 టైరు. ఇప్పుడు అదే 6.00-6లో 4 ప్లై (ప్లై అంటే టైరు బలం చెప్పే పొరల లెక్క) ఉంటది, 6 ప్లై ఉంటది, రెండిటి లోడ్ రేటింగ్, అంటే మోయగలిగే బరువు, వేరు, అందుకే మాన్యువల్లో మన మోడల్‌కి ఏది రాసుందో చూడకుండా ఆర్డర్ పెట్టకూడదు.

ఇంకోటి, పేపర్లు. టైరు మీద టీఎస్ఓ-సి62 (విమాన టైర్లకి అమెరికా పెట్టిన ప్రమాణం) మార్కింగ్, దాంతో పాటు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వాళ్ల 8130-3 గానీ యూరప్ సంస్థ ఈఏఎస్ఏ వాళ్ల ఫామ్ 1 గానీ, అంటే విమానానికి వాడొచ్చని చెప్పే సర్టిఫికెట్, రావాలి. మాకోసారి తక్కువ రేటని ఒక డీలర్ దగ్గర తెప్పిస్తే టైర్లు కొత్తవే వచ్చాయి, సర్టిఫికెట్ మాత్రం రాలేదు, వాటిని పక్కన పెట్టి విమానాన్ని హ్యాంగర్‌లోనే ఉంచేశాం, పాపం పిల్లల ఫ్లయింగ్ అవర్స్ ఆగిపోయాయి, ఇప్పటికీ బాధేస్తది.

రీట్రెడ్, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు వేసింది, తప్పేం కాదు, రోజంతా ల్యాండింగ్‌లు కొట్టే ట్రైనింగ్ విమానాలకి ఖర్చు కలిసొస్తది, కాకపోతే వీల్ ఫెయిరింగ్ (చక్రం మీది కవరు) ఉంటే టైరు దానికి తగలకుండా గ్యాప్ కొలిచి చూస్కోండి. కొత్త టైరులో పాత ట్యూబు మాత్రం వద్దు, అది సాగిపోయి లోపల మడత పడుద్ది. టైరు మీద ఎర్ర చుక్క ఉంటది కదా, అది తేలిక వైపు, ట్యూబు మీద బరువు గుర్తు వేరే లేకపోతే దాన్ని సరిగ్గా వాల్వు దగ్గరే వచ్చేలా పెట్టాలి. గాలి ఎప్పుడైనా టైరు చల్లగా ఉన్నప్పుడే చెక్ చేయండి, ల్యాండ్ అయిన వెంటనే కాదు.