కాఠ్‌మాండూ రైలు పట్టాలెక్కాలంటే

బిహార్ సరిహద్దు పట్టణం రక్సౌల్ నుంచి నేపాల్ రాజధాని కాఠ్‌మాండూకు రైలు మార్గం వేస్తామని భారత్, నేపాల్ ప్రధానులు 2018 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2021లో తుది సర్వేకు ఒప్పందం కుదిరింది. కొంకణ్ రైల్వే ఇంజినీర్లు ఆ సర్వే కూడా ముగించారు. సుమారు 140 కిలోమీటర్ల బ్రాడ్‌గేజ్ లైను మాత్రం ఇప్పటికీ కాగితాల మీదే ఉంది. జాప్యాన్ని తప్పుపట్టడం తేలికే. అయితే ఈ లైనుకు సొరంగాలు తవ్వడం కన్నా ఒప్పందం రాసుకోవడమే కష్టమైన పని అని మేం భావిస్తున్నాం. ఆ పని సరిగ్గా జరగకపోతే వేల కోట్లు పోసి వేసిన పట్టాలు కూడా సరిహద్దు గేటు దగ్గర ఆగిపోతాయి.

ఈ రైలు అవసరమేమిటో సరకు వెళ్లే దారి చూస్తే తెలుస్తుంది. నేపాల్‌కు సముద్రం లేదు. సముద్రం మీదుగా వచ్చే సరకు ఎక్కువగా కోల్‌కతా, హల్దియా, విశాఖపట్నం రేవుల్లోనే దిగుతుంది. విశాఖలో దిగిన కంటెయినర్‌కు ఎలక్ట్రానిక్ సీలు వేసి గూడ్సు ఎక్కిస్తే, దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రయాణించి రక్సౌల్ మీదుగా నేపాల్‌లోని బీర్‌గంజ్ పక్కనున్న సిర్సియా డ్రైపోర్టుకు (సముద్రానికి దూరంగా కంటెయినర్లు దించే కేంద్రానికి) చేరుతుంది. రైలు కథ అక్కడితో సరి. అక్కడి నుంచి లారీలే దిక్కు. బరువు లారీల్లో ఎక్కువ భాగం నారాయణ్‌గఢ్, ముగ్లింగ్ మీదుగా త్రిశూలి నది అంచున పాకుతూ రాజధానికి చేరతాయి. వానాకాలంలో ఆ దారి మృత్యుమార్గం. 2024 జులైలో సిమల్‌తాల్ దగ్గర కొండచరియలు విరిగిపడి రెండు బస్సులు ప్రయాణికులతో సహా త్రిశూలిలో కొట్టుకుపోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఝ్యాప్లేఖోలా దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉన్న వాహనాల మీద కొండ విరుచుకుపడి 30 మందికి పైగా చనిపోయారు. సరకు బరువులో కొంతైనా రైలుకు మళ్లితే ఆ రోడ్డు మీద ప్రాణాలు నిలుస్తాయి. మాకు ఈ ప్రాజెక్టు మీద ఇంత పట్టుదల ఉండటానికి మొదటి కారణం ఇదే.

ఇంజినీరింగ్ తేలికని ఎవరూ అనడం లేదు. రక్సౌల్ సముద్ర మట్టానికి వంద మీటర్ల ఎత్తులో కూడా లేదు. కాఠ్‌మాండూ లోయ సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యలో చురే, మహాభారత్ కొండల వరుసలు. అయినా 272 కిలోమీటర్ల ఉధంపూర్–శ్రీనగర్–బారాముల్లా లైనును 2025 జూన్‌లో పూర్తిగా జాతికి అంకితం చేసిన మన రైల్వేలకు హిమాలయ మట్టి కొత్తేమీ కాదు. టైమ్ పడుతుంది, అంతే.

కొత్తగా సంపాదించుకోవాల్సింది నమ్మకం. 1989 మార్చిలో నేపాల్‌తో వాణిజ్య, ట్రాన్సిట్ (మన భూభాగం మీదుగా సరకు పోనిచ్చే) ఒప్పందాల గడువు తీరినప్పుడు భారత్ రెండు తప్ప మిగతా సరిహద్దు మార్గాలన్నీ మూసేసింది. 2015 ఏప్రిల్ భూకంపంలో దాదాపు 9 వేల మందిని పోగొట్టుకున్న నేపాల్‌కు, అదే సెప్టెంబరులో గోరుచుట్టుపై రోకటిపోటులా సరిహద్దు దిగ్బంధం వచ్చిపడింది. నేపాల్ కొత్త రాజ్యాంగంపై అక్కడి దక్షిణ మైదానాల్లో ఉండే మధేసీల ఆందోళన వల్లే లారీలు కదలడం లేదని ఢిల్లీ అంది. భారతే ఆపించిందని కాఠ్‌మాండూ ఆరోపించింది. వాదన ఎవరిదైతేనేం, గ్యాస్ సిలిండర్ కోసం రోజుల తరబడి క్యూల్లో నిలబడిందీ, కట్టెల పొయ్యి రాజేసుకుందీ సామాన్యులే. 2016 ఫిబ్రవరి దాకా ఆ అవస్థ సాగింది. మరుసటి నెలలోనే నేపాల్ ప్రభుత్వం బీజింగ్ వెళ్లి ట్రాన్సిట్ ఒప్పందం చేసుకుంది. టియాంజిన్, షెన్‌జెన్ వంటి రేవులు వాడుకునే వీలు దక్కింది. టిబెట్ సరిహద్దులోని కేరుంగ్ నుంచి కాఠ్‌మాండూకు చైనా రైలు ఆలోచన ఊపందుకున్నదీ అప్పుడే. నేపాల్ భూభాగంలో 72 కిలోమీటర్ల ఆ మార్గంలో దాదాపు అంతా సొరంగాలూ వంతెనలే. పైగా టియాంజిన్ మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా ఒక దేశం అటు చూసిందంటే, దగ్గరి దారి మీద అది ఎంతగా బెంగపడిందో మనం అర్థం చేసుకోవాలి.

అందుకే ఈ రైలు ఒప్పందంలో ఒక షరతు స్పష్టంగా ఉండాలి. ఇరుదేశాల మధ్య ఏ రాజకీయ వివాదం వచ్చినా ట్రాన్సిట్ సరకు ఆగకూడదు. భద్రతా కారణాలతో ఒక రైలును ఆపాల్సి వస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గడువు ఉండాలి, తేలకపోతే మధ్యవర్తి దగ్గరకు వెళ్లే వీలుండాలి. భూపరివేష్టిత దేశాలకు సముద్రానికి చేరే హక్కు ఉందని ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టాల ఒడంబడిక 125వ అధికరణ చెబుతోంది. భారత్, నేపాల్ రెండూ దాన్ని ఆమోదించాయి. ప్రస్తుత ట్రాన్సిట్ ఒప్పందాన్ని ఏడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. రైలు మార్గం ఆయుష్షు తరాల లెక్క. ఏడేళ్ల హామీని నమ్ముకుని ఏ దేశమూ అలాంటి మార్గానికి అప్పు చేయదు, చేయకూడదు. లైను నడిచినంత కాలం హామీ కూడా నడవాలి.

ఇలా రాసిస్తే భారత్ చేతిలోని పట్టు జారిపోతుందని కొందరు అంటారు. ఆ పట్టును వాడామన్న అనుమానానికే 2015లో మనం పోగొట్టుకున్నది నేపాలీల అభిమానం. దానికి భిన్నంగా, 2019లో మొదలైన బిహార్‌లోని మోతిహారీ నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కు వేసిన పెట్రోలియం పైప్‌లైన్ ఎంత సద్భావం తెచ్చిందో చూస్తున్నాం. బిహార్‌లోని జోగ్‌బనీ, నేపాల్‌లోని బిరాట్‌నగర్ మధ్య లైనులో గూడ్సు రవాణాను సరళం చేస్తూ 2025 నవంబరులో కుదిరిన ఏర్పాటు కూడా సరైన దారిలోనే ఉంది.

ఇక డబ్బు సంగతి. 2022-23లో నేపాల్ దిగుమతులు ఎగుమతులకు పది రెట్లు. అంటే నిండుగా కొండెక్కిన వ్యాగన్లు ఖాళీగా దిగుతాయి. రానూపోనూ ఖర్చును ఒకవైపు సరకే భరించాలి. ఇథియోపియా–జిబౌటీ రైలుకు తెచ్చిన చైనా అప్పును పదేళ్లలో తీర్చలేక ఇథియోపియా 2018లో గడువును 30 ఏళ్లకు పొడిగించుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఈ లైనులో పెద్ద వాటా భారత్ గ్రాంటుగా భరించాలి. మిగతాది నామమాత్రపు వడ్డీకి ఇవ్వాలి. మొదట గూడ్సు కోసమే డిజైన్ చేసి, ప్యాసింజర్ రైళ్ల సంఖ్యను గిరాకీని బట్టి పెంచుకోవడం మేలు.

నడిపే ఏర్పాట్లు నిర్మాణంతో పాటే మొదలవ్వాలి. బిహార్‌లోని జయనగర్ నుంచి నేపాల్‌లోని కుర్థాకు వెళ్లే లైను అనుభవం కళ్లముందే ఉంది. కొంకణ్ రైల్వే నుంచి నేపాల్ కొన్న రెండు డెము (డీజిల్ ప్యాసింజర్) రైళ్లు 2020 సెప్టెంబరులో వచ్చాయి. ప్రయాణికులను ఎక్కించుకున్నది 2022 ఏప్రిల్‌లో. నడపడానికి చట్టం లేదు, సిబ్బంది లేరు. అంతకాలం కొత్త బోగీలు టార్పాలిన్లు కప్పుకుని యార్డులో పడి ఉన్నాయి. డ్రైవర్లు, సిగ్నల్ సిబ్బంది, కస్టమ్స్ అధికారులకు ఇప్పటి నుంచే మన రైల్వే శిక్షణ సంస్థల్లో సీట్లు కేటాయించవచ్చు. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) విషయం కూడా ముందే తేలాలి. మనది 1,676 మిల్లీమీటర్లు, చైనాది 1,435. రెండూ ఏదో ఒకనాడు కాఠ్‌మాండూలో కలిస్తే సరకు దించి ఎక్కించే యార్డుకు స్థలం ఇప్పుడే అట్టిపెట్టాలి. లోయలో నేల ఏటేటా కరిగిపోతోంది.

జయనగర్ లైనులోనే బిజల్‌పురా నుంచి బర్దీబాస్ వరకు 17 కిలోమీటర్లు భూపరిహారం దగ్గరే చిక్కుకుపోయాయి. కాఠ్‌మాండూ లైను వెళ్లే బారా, మక్వాన్‌పుర్ జిల్లాల రైతులకు ఆ గతి పట్టకూడదు. సర్వే నివేదికను నేపాలీలో బయటపెట్టి, ఏ ఊళ్లో ఎవరి పొలం పోతుందో చెప్పి, పరిహారం చేతికిచ్చాకే పొక్లెయిన్లు దించాలి. రెండు ప్రభుత్వాల సంయుక్త రైల్వే కమిటీ తదుపరి భేటీలో మొదట చర్చించాల్సిన అంశాలు ఇవే: రైలు ఆపకుండా నడుపుతామన్న హామీ, ఖర్చులో వాటాలు, రైతుల పరిహారం. టెండర్లు ఆ తర్వాత పిలవొచ్చు.